చెట్టు క్రింది పడవకు వయస్సెంత?

గేదె నీళ్ళలో ఉండగా గట్టు మీద బేరం చేయరాదని పెద్దలు చెబుతారు. నీటిపైన కనిపించేవి వీపూ, కొమ్ములూ మాత్రమే. కాలు కుంటిదో, పొదుగుకు జబ్బు ఉన్నదో గట్టెక్కితే గాని తెలియదు. ఈ మాట పడవలకు మరింతగా వర్తిస్తుంది. అయితే పడవల విషయంలో ఒక చిత్రం ఉన్నది. గట్టెక్కించి, చక్రాల బండి మీద నిలబెట్టి, నాలుగు వైపుల నుంచి చూపించిన పడవలో కూడ దాగవలసినవన్నీ దాగే ఉంటాయి.

అమెరికాలో సరస్సులకు దగ్గరగా ఉన్న పట్టణాలలో ఇండ్ల పెరళ్ళను గమనిస్తే, ఎక్కడో ఒకచోట చెట్టు క్రింద టార్పాలిన్ కప్పిన తెరచాప పడవ కనిపిస్తుంది. దానిని మోసే ట్రైలరు టైర్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. టార్పాలిన్ గుంటలలో వాన నీరు నిలిచి, అందులో రాలిన ఆకులు కుళ్ళుతూ ఉంటాయి. ప్రక్కనే ఒక అట్టముక్క మీద ప్రకటన: 1979 మాడల్, అమ్మకానికి సిద్ధం, కొద్దిగా శుభ్రం చేసుకుంటే చాలు. ఆ చివరి మాటను నమ్మి కొన్నవారికి, ఆ కొద్దిపాటి శుభ్రం రెండు వేసవులను, పడవ ధరకు రెండింతల సొమ్మును మ్రింగివేయడం అరుదు కాదు.

ఇవి రేవులో శాశ్వతంగా కట్టి ఉంచే పడవలు కావు. కారు వెనుక తగిలించుకొని సరస్సు ఒడ్డుకు తీసుకుపోయి, ఏటవాలు గట్టు మీదుగా నీటిలోకి జార్చి, తెరచాప కొయ్యను నిలబెట్టి, సాయంత్రం దాకా విహరించి, మళ్ళీ ఇంటికి తెచ్చుకొనే పడవలు. హైదరాబాదు హుస్సేన్‌సాగర్ పందేలలో కనిపించే చిన్న తెరచాప పడవలకు వీటిని అన్నలనవచ్చు. అవి ఒకరిద్దరు ఎక్కేవి. వీటిలో నలుగురు ఒదిగి పడుకొనేటంత గది కూడ ఉంటుంది. సొంతంగా రేవులో చోటు అద్దెకు తీసుకోలేని మధ్యతరగతి కుటుంబానికి జలవిహారాన్ని అందుబాటులోకి తెచ్చినవి ఇవే. టెక్సాస్ వంటి రాష్ట్రాలలో జలాశయాల ప్రక్కన స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడ పొరుగువారి పెరటిలో ఇటువంటి పడవ కనిపించడం, ఒక ఆదివారం ఉదయం మనస్సు దాని మీదికి పోవడం సహజమే.

ఈ తరహా పడవలలో మిక్కిలి ప్రసిద్ధమైనది కాటలినా 22. ఫ్రాంక్ బట్లర్ అనే తయారీదారు 1969లో దీనిని మార్కెట్టులోకి తెచ్చాడు. పొడవు ఇరవై ఒకటిన్నర అడుగులు. వెడల్పు ఎనిమిది అడుగుల లోపు, అంటే ప్రత్యేక అనుమతి లేకుండ రోడ్డు మీద లాక్కుపోగలిగినంత. ఇటువంటివి పదిహేను వేలకు పైగా తయారయ్యాయి. అవి ఫైబర్‌గ్లాసుతో చేసినవి గనుక కుళ్ళవు, చెదలు పట్టవు, తమంతట తాము నశించవు. యాభై ఏళ్ళ క్రిందటి పడవ నేటికీ చేతులు మారుతూనే ఉన్నది. గోదావరి ముఖద్వారాన కోరంగిలో ఒకప్పుడు ఓడలు కట్టిన వడ్రంగులు పలక రంగును, మేకు తుప్పును చూసి ఓడ ఎన్నాళ్ళ నాటిదో అంచనా కట్టి ఉండవచ్చు. ఫైబర్‌గ్లాసుకు ఆ నిజాయితీ లేదు. ఒక పూట పాలిషు పట్టిస్తే నలభై ఏళ్ళ పడవ నాలుగేళ్ళ పడవలా మెరుస్తుంది.

ధర తక్కువగా ఉండడానికి ఇంకొక కారణం కూడ ఉన్నది; దానిని అమ్మేవాడు చెప్పడు. పాత పడవను వదిలించుకోవాలంటే యజమాని ఎదురు డబ్బు ఇచ్చి దానిని కోయించి, చెత్త పూడ్చే స్థలానికి తరలించవలసి ఉంటుంది. ఫైబర్‌గ్లాసును కరిగించి తిరిగి వాడుకోవడం ఇనుము, అల్యూమినియంలంత తేలిక కాదు. అందుచేత నామమాత్రపు ధరకు లేదా ఉచితంగా ఇస్తామనే పడవలలో కొన్ని నిజానికి అమ్మకాలు కావు. తన తలనొప్పిని ఒకరు మరొకరికి అప్పగించడం మాత్రమే. కొనదలచిన వ్యక్తి తేల్చుకోవలసిన మొదటి విషయం ఇదే: ఎదుట ఉన్నది పడవా, మరొకరి చెత్తా?

ఇది తేలాలంటే వయస్సు తెలియాలి. అయితే పడవకు ఒకే వయస్సు ఉండదు. తొట్టి ఒక నాటిది, కొయ్యను నిలబెట్టే తీగలు మరొక నాటివి, తెరచాపలు ఇంకొక నాటివి. మోటారు ఎవరో తరువాత తగిలించినది, ట్రైలరు టైర్లు నిన్నమొన్న మార్చినవి కావచ్చు, పదిహేనేళ్ళుగా మార్చనివీ కావచ్చు. అట్టముక్క మీద వ్రాసిన 1979 వీటిలో ఒక్కదానికే చెందుతుంది. తక్కినవాటి వయస్సులను విడివిడిగా రాబట్టుకోవాలి.

పశువుల సంతలో రైతు ముందుగా ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. పడవకు పళ్ళు వెనుక భాగంలో ఉంటాయి. 1972 నవంబరు 1 నుంచి అమెరికాలో తయారైన ప్రతి విహార పడవకూ పన్నెండు అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయింది. వెనుక పలక మీద, కుడివైపు పైభాగాన, అంగుళంలో నాలుగవ వంతుకు తగ్గని అక్షరాలతో అది ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు తయారీదారును తెలుపుతాయి. కాటలినాకు సి, టి, వై. మాక్‌గ్రెగర్‌కు ఎం, ఏ, సి. తరువాతి అయిదు ఆ పడవ వరుస సంఖ్య. చివరి నాలుగూ పుట్టిన తేదీ.

ఈ చివరి నాలుగింటి వద్దనే చాలమంది పొరబడతారు. 1984కు ముందు తయారీదారులు రెండు పద్ధతులలో ఏదయినా అనుసరించవచ్చు. మొదటిది సులభం. 0476 అని ఉంటే 1976 ఏప్రిల్ అని అర్థం. రెండవ పద్ధతిలో ముందు ఎం అనే అక్షరం, తరువాత మాడల్ సంవత్సరం, చివర నెలను తెలిపే అక్షరం ఉంటాయి. ఇక్కడ సంవత్సరం జనవరితో మొదలు కాదు, ఆగస్టుతో మొదలవుతుంది. ఏ అంటే ఆగస్టు, బి అంటే సెప్టెంబరు, ఈ వరుసలో ఎల్ అంటే జూలై. ఒక కల్పిత ఉదాహరణ తీసుకుంటే, సి టి వై 08151 ఎం 79 డి అనే సంఖ్య గల పడవ 1979 మాడలే. కాని అది తయారైనది 1978 నవంబరులో. అమ్మేవాడు అబద్ధం చెప్పలేదు, ఫ్యాక్టరీ పంచాంగం అటువంటిది.

1984 ఆగస్టు నుంచి ఈ లెక్క మారింది. నెలను తెలిపే అక్షరం ముందుకు వచ్చింది. ఏ అంటే జనవరి అయింది. దాని తరువాత తయారైన సంవత్సరపు చివరి అంకె, ఆ తరువాత మాడల్ సంవత్సరపు రెండు అంకెలు. కె 485 అని ఉంటే 1984 నవంబరులో తయారై 1985 మాడల్‌గా అమ్ముడైన పడవ అన్నమాట. డి అనే అక్షరం పాత లెక్కలో నవంబరు, కొత్త లెక్కలో ఏప్రిల్. అంతేకాక, కొత్త నిబంధన ప్రకారం అదే సంఖ్యను పడవలో మరొక రహస్య స్థలంలో కూడ ముద్రించాలి. దొంగలు వెనుక సంఖ్యను చెరిపివేసినా అసలు పుట్టుక దొరికేందుకు ఈ ఏర్పాటు.

పైన రంగులు పూసి సంఖ్య కనిపించకపోతే, పిల్లలు నాణెం మీద కాగితం పరచి పెన్సిలుతో రుద్దే ఆట ఇక్కడ పనికివస్తుంది. పలుచని కాగితం ఆ చోట ఉంచి మెల్లగా రుద్దితే అక్షరాల అంచులు తేలవచ్చు. ఆ సంఖ్యను పడవ కాగితాలలో ఉన్న సంఖ్యతో అక్షరం వెంట అక్షరం పోల్చాలి. 1972 నవంబరుకు ముందు తయారైన పడవకు ఇటువంటి సంఖ్య లేకపోవడం తప్పు కాదు. ఆ తరువాతి పడవకు లేకపోతే, గీకివేసిన గుర్తులుంటే, ఎంత మంచి పడవ అయినా అక్కడితో సంభాషణ ముగించడం క్షేమం. అనుమతి లేకుండ ఆ సంఖ్యను మార్చడం, తొలగించడం అమెరికా చట్టం ఒప్పని పని. ట్రైలరుకు వేరే కాగితాలు, వేరే సంఖ్య ఉంటాయన్న సంగతి కూడ చాలమంది మరచిపోతారు. పడవ ఒకరి పేర, దాని బండి మరొకరి పేర ఉండటం అసంభవమేమీ కాదు. కాగితాల నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి గనుక డబ్బు చేతులు మారకముందే రిజిస్ట్రేషన్ కార్యాలయంలో విచారించుకోవాలి.

పుట్టిన తేదీ తెలిసినంత మాత్రాన ఆరోగ్యం తెలియదు. అయితే ఏ జబ్బు కొరకు వెదకాలో తెలుస్తుంది. నలభై అయిదేళ్ళు పొడిగా, నీడన, కప్పు క్రింద ఉన్న పడవ, పదిహేనేళ్ళు వాన నీరు నింపుకొని కూర్చున్న పడవ కన్న ఎంతో మేలు. ఫైబర్‌గ్లాసు పడవకు శత్రువు అది తేలే నీరు కాదు, లోపల నిలిచే నీరు.

డెక్కు, అంటే పడవ పైకప్పు, ఒకే పలకగా ఉండదు. పైన ఒక ఫైబర్‌గ్లాసు పొర, క్రింద మరొక పొర, నడుమ తేలికైన బాల్సా చెక్కగాని ప్లైవుడ్‌గాని ఉంటుంది. బరువు పెరగకుండ గట్టితనం రావడానికి ఈ ఏర్పాటు. దానిలో బిగించిన ప్రతి బోల్టూ, ప్రతి మరా ఒక రంధ్రమే. చుట్టూ వేసిన జిగురు కొన్నేళ్ళకు ఎండిపోతుంది, నీరు చుక్క చుక్కగా నడిమి చెక్కలోకి దిగుతుంది, చెక్క మెత్తబడి కుళ్ళుతుంది. పైన మెరుపు మాత్రం చెక్కుచెదరదు. దీనిని పట్టుకొనడానికి తేమను కొలిచే పరికరాలు ఉన్నాయి గాని, అన్నిటికన్న పాత పరికరం వినికిడి. మన ఇండ్లలో ఆడవారు కుండ కొనేటప్పుడు వ్రేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే కొంటారు, బొదబొదలాడితే ప్రక్కన పెడతారు. ఇక్కడ చేయవలసినదీ అదే. స్క్రూడ్రైవరు పిడితోనో, చిన్న ప్లాస్టిక్ సుత్తితోనో అరచేతి వెడల్పుకు ఒకచోట చొప్పున డెక్కంతా తట్టుకుంటూ పోవాలి. గట్టిగా ఉన్నచోట ధ్వని స్పష్టంగా మ్రోగుతుంది. తడిసి కుళ్ళిన చోట మొద్దుబారిన చప్పుడు వస్తుంది. తెరచాప కొయ్య అడుగున, కమ్మీలు బిగించిన చోట్ల, కిటికీల చుట్టూ ఆగి ఆగి తట్టాలి. చెప్పులు విప్పి నడిస్తే మెత్తదనం పాదానికి కూడ తెలుస్తుంది. అరచేయంత చోట కుళ్ళు ఉంటే బాగుచేసుకోవచ్చు. డెక్కు సగం మొద్దుగా పలికితే దానిని విప్పి మళ్ళీ కట్టడమే. ఆ శ్రమకు బదులు అదే రకం మరొక పడవ వెదుక్కోవడం తెలివైన పని.

లోపలి గదిలోకి దిగగానే కళ్ళ కన్న ముందు ముక్కు పనిచేయాలి. బూజు వాసన నీరు నిలిచిన చరిత్రను చెబుతుంది. పరుపులు ఎత్తి, క్రింది అరలు తెరిచి, గోదావరి వరద తగ్గిన తరువాత లంక గ్రామాల గోడల మీద మిగిలే గీత వంటి గీత కొరకు చూడాలి. ఆకులతో నీటి దారులు మూసుకుపోయి, వాన నీరు గదిలోకి చేరి, నెలల తరబడి నిలిచిన పడవలలో ఆ గీత తప్పక ఉంటుంది. ఆ గీతకు దిగువన ఉన్న విద్యుత్ తీగలను నమ్మకూడదు. లోపల మాత్రం క్రొత్తగా రంగు వేసి, బయట పాత రంగే ఉంచిన పడవను చూస్తే, ఆ రంగు దేనిని కప్పుతున్నదని అడగడంలో తప్పు లేదు.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది పడవ అడుగున ఉంటుంది. గాలి తెరచాపను ఒక ప్రక్కకు త్రోసినప్పుడు పడవ బోర్లపడకుండ, ప్రక్కకు జారిపోకుండ నీటిలోకి దిగి ఉండే బరువైన పలక అది. ఇంగ్లీషులో దానిని కీల్ అంటారు. లోతులేని గట్టు మీద దించడానికి, బండి మీద ఎక్కించడానికి వీలుగా ఈ పడవలలో చాలవాటికి దానిని పైకి మడిచే ఏర్పాటు ఉంటుంది. కాటలినా 22లో ఈ పలక పోత ఇనుముది. బరువు 550 పౌండ్లు, అంటే సుమారు 250 కిలోలు. పైకి మడిస్తే పడవకు రెండు అడుగుల లోతు నీరు చాలు. క్రిందికి దించితే అయిదు అడుగులు కావాలి. ఈ 250 కిలోలూ వ్రేలాడేది ఒక్క అడ్డకడ్డీ మీద, పైకి లాగేది ఒక్క ఉక్కు తీగ. తెలుగులో తలుపు తిరిగే మడతబందును కీలు అంటాము. ఈ పడవలో కీల్‌కు ఆ కీలే ప్రాణం.

ఆ కడ్డీ ఏళ్ళ తరబడి రాపిడికి అరుగుతుంది. దాని రంధ్రం కోలగా సాగుతుంది. అప్పుడు పలక అలకు అలకు అటూ ఇటూ ఊగి డబ్‌డబ్‌మని కొట్టుకుంటుంది. తీగ తుప్పు పట్టి తెగితే పలక ఒక్క ఊపున క్రిందికి పడుతుంది. ఆ దెబ్బకు తొట్టి అడుగుభాగమే పగలవచ్చు. ఆ తీగ గదిలోని వించి నుంచి పడవ అడుగు గుండా బయటికి పోతుంది గనుక ఆ దారిలో ఒక రబ్బరు గొట్టం బిగించి ఉంటుంది. చేతి పొడవు కూడ లేని ఆ గొట్టం పగిలితే నీరు నేరుగా పడవలోకి వస్తుంది. దాని ధర ఎంత స్వల్పమో, అది చేయగల నష్టం అంత పెద్దది. ఇన్ని ఉన్నా కొనేవారు ఈ భాగాన్ని చూడకుండానే డబ్బు చెల్లిస్తారు. కారణం, పడవ ట్రైలరు మీద ఉన్నంతసేపు పలక మడిచి, దాని బరువు ట్రైలరు మీద ఆని ఉంటుంది. కడ్డీ కనిపించదు, తీగలో బిగువు ఉండదు, ఊగే పలక కూడ బుద్ధిగా కూర్చుంటుంది. గట్టెక్కిన గేదె కూడ తన లోపాన్ని దాచుకొనేది ఇక్కడే.

కాబట్టి పడవను ట్రైలరు మీది నుంచి పైకెత్తి చూపించవలసిందిగా కోరాలి. రేవులలో పట్టెడలతో ఎత్తే యంత్రాలుంటాయి; దానికి కొంత అద్దె అవుతుంది. ఆ అద్దె కొనేవారే భరిస్తామన్నా అమ్మేవాడు ఒప్పుకోకపోతే, అదే ఒక జవాబు. ఎత్తిన తరువాత పలక అంచును పట్టుకొని అటూ ఇటూ కదిపి చూడాలి. ఇనుము పొరలు పొరలుగా రేగిందా, తుప్పు గుంటలను పుట్టీతో నింపి రంగు వేశారా అని తట్టి చూడాలి. అయితే ఒక్క తీగ ఆధారంగా వ్రేలాడుతున్న పలక క్రింద ఎవరూ తల గాని చేయి గాని పెట్టరాదు. దిగువన గట్టి దిమ్మలు పేర్చిన తరువాతే దగ్గరకు పోవాలి. కొన్ని ఇతర పడవలలో, ముఖ్యంగా మాక్‌గ్రెగర్ 26 వంటివాటిలో, ఇనుముకు బదులు అడుగు తొట్టెలో నీరు నింపి బరువు సాధిస్తారు. అక్కడ చూడవలసినది ఆ తొట్టె మూతలు నీరు నిలుపుతున్నాయా అన్నది. ఆ తొట్టె ఖాళీగా ఉండగా తెరచాప ఎత్తిన పడవ, ఒరిగితే మళ్ళీ తనంతట తాను లేవదు.

తొట్టి అడుగున బొబ్బలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు గాని విషయం తెలుసుకోవాలి. చాలకాలం నీటిలోనే ఉంచిన పడవలో నీటి అణువులు పై పొర గుండా లోనికి చేరి, రెజిన్‌లో కరిగే పదార్థాలతో కలిసి, పీడనం పెంచి పొరను ఉబ్బిస్తాయి. ఒక బొబ్బను గుచ్చితే పులిసిన వెనిగరు వాసన గల ద్రవం వస్తుంది. జీవితమంతా ట్రైలరు మీదే గడిపిన పడవకు ఈ జబ్బు తక్కువ. అందుచేత ఎన్నడూ నీటిలో ఉంచలేదని చెప్పిన పడవకు అడుగునిండా బొబ్బలుంటే, తక్కిన మాటలను కూడ ఆ తూకంతోనే తూచాలి.

కొయ్యను నిలబెట్టే ఉక్కు తీగల వయస్సును ఏ సంఖ్యా చెప్పదు. మార్చినప్పటి రసీదు ఉంటే మంచిది. లేకపోతే అవి పడవతో పుట్టినవేనని భావించాలి. పదీ పదిహేనేళ్ళు దాటిన తీగలను మార్చడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. ఉప్పునీటిలో తిరిగితే ఇంకా ముందే. పలుచని గుడ్డతో తీగ పొడవునా తుడిస్తే తెగిన పోగులు గుడ్డను పట్టుకుంటాయి. ఒట్టి చేతితో తుడిస్తే చర్మాన్ని పట్టుకుంటాయి. తీగ కొసలను బిగించిన లోహపు తొడుగుల మీద వెంట్రుక వంటి చీలికలు ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి. ఒక్క తీగ తెగితే కొయ్య మొత్తం కూలుతుంది. దాని క్రింద ఉండేది కుటుంబమే.

కొయ్యను నిలబెట్టి చూపించమని పెరటిలోనే అడగడం కొనేవారికి సహజమైన ఉత్సాహం. అడగవలసిందే, కాని ముందుగా తల పైకెత్తి చూడాలి. ఇరవై అయిదు అడుగుల అల్యూమినియం స్తంభం లేపేటప్పుడు విద్యుత్ తీగను తాకితే, దానిని పట్టుకున్నవారు బ్రతకడం కష్టం. నీటి మీద కన్న గట్టు మీద, రేవు దగ్గరి ఖాళీ స్థలంలో జరిగే ఇటువంటి ప్రమాదాల గురించి పాతకాపులు క్రొత్తవారికి మొదటి రోజే చెబుతారు.

తెరచాపల సంగతి సులభం. క్రొత్త చాప గంజి పెట్టిన ఖద్దరు పంచెలా గరగరలాడుతుంది. కాలం చెల్లినది ఉతికి ఉతికి మెత్తబడిన పాత చీరలా చేతికి జారుతుంది. మెత్తబడినది ఇంకా గాలిని పడుతుంది గాని దాని రూపం చెడి ఉంటుంది. కుట్లను గోటితో గీకితే దారం తెగిపోతే అది ఎండకు మాడినదని గుర్తు. చాప మీద ఉన్న సంఖ్య సామాన్యంగా పడవ వరుస సంఖ్యే. రెండూ వేరయితే చాప మరొక పడవ నుంచి వచ్చినది కావచ్చు. అందులో మోసమేమీ లేదు గాని, క్రొత్త తెరచాపల జత వెల పాత పడవ వెలను మించిపోవచ్చునన్నది బేరం చేసేటప్పుడు గుర్తుండాలి. మోటారు విషయంలో అడుగు భాగపు నూనె మరను కొద్దిగా వదులు చేసి చూస్తే చాలు: నూనె పాలు కలిపినట్లు తెల్లగా వస్తే లోపలికి నీరు చేరినట్లే.

ఎవరూ అడగని ప్రశ్న ట్రైలరును గురించి. పడవ, ఇంజను, సామాను, బండి అన్నీ కలిస్తే ఒకటిన్నర టన్ను దాకా ఉంటుంది. దానిని రోడ్డు మీద మోసేవి రెండో నాలుగో టైర్లు. ఈ బండి ఏడాదికి కొద్ది మైళ్ళే తిరుగుతుంది గనుక టైరు గాళ్ళు అరగక క్రొత్తవిగానే కనిపిస్తాయి. రబ్బరు అరిగి చావదు, ఎండకు ఎండి చస్తుంది. 2000 నుంచి టైరు ప్రక్క గోడ మీద ముద్రించే సంకేతంలో చివరి నాలుగు అంకెలు అది పుట్టిన వారమూ, సంవత్సరమూ. 2316 అంటే 2016లో ఇరవై మూడవ వారం. చివర మూడే అంకెలుంటే ఆ టైరు గత శతాబ్దానిది. దాని మీద పడవను ఒక వీధి కూడ దాటించకూడదు.

పడవను నీటిలోకి దించేటప్పుడు వేడెక్కిన చక్రాల ఇరుసు మధ్యభాగం చల్లని నీటిలో మునుగుతుంది. లోపలి గాలి ముడుచుకొని నీటిని లోనికి పీల్చుకుంటుంది. బేరింగులలోని గ్రీజు చెడుతుంది, తుప్పు పడుతుంది. చక్రాన్ని జాకీ మీద ఎత్తి తిప్పితే గరగర శబ్దం వస్తుందా, పట్టుకొని ఊపితే వదులు తెలుస్తుందా అని చూడాలి. బండి చట్రం లోపలి నుంచి తుప్పు పడుతుంది. డెక్కును తట్టిన సుత్తితోనే దానినీ తట్టవచ్చు.

ఖరీదైన పడవయితే వృత్తి పరీక్షకుని పిలిపించి నివేదిక తీసుకోవడం పరిపాటి. రెండు మూడు వేల డాలర్ల పడవకు ఆ రుసుము భారమనిపిస్తుంది. అటువంటప్పుడు స్థానిక తెరచాప క్లబ్బులో అదే రకం పడవ ఉన్న ఒకరిని వెంటబెట్టుకుపోవడం మంచిది. తన పడవ పలక కడ్డీని తానే మార్చుకున్న మనిషి ఒక గంటలో చూసేది, క్రొత్తవాడు వారం రోజుల్లో కూడ చూడలేడు. చూసినవన్నీ ఒక కాగితం మీద ఖర్చులుగా వ్రాసి అమ్మేవాని ఎదుట ఉంచితే బేరం గొంతు పెంచకుండానే నడుస్తుంది. తీగలు, టైర్లు, గొట్టం, కడ్డీ అని మొత్తం కూడిన తరువాత, అడిగిన ధర అందులో ఎంత భాగమో ఇద్దరికీ కనిపిస్తుంది.

బేరం కుదిరి, కాగితాలు చేతికి వచ్చి, పడవ కారు వెనుక కదిలిన తరువాత మొదటి పది మైళ్ళకు ఒకసారి ఆగాలి. ప్రతి చక్రం మధ్యభాగానికి ముందు అరచేతి వెనుక వైపును దగ్గరగా తెచ్చి, ఆ తరువాత మెల్లగా తాకాలి. గోరువెచ్చగా ఉంటే ప్రయాణం సాగించవచ్చు. చేయి ఉంచలేనంత వేడిగా ఉంటే ఆ బేరింగు ఇంటి దాకా రాదు; అక్కడే ఆగి, దగ్గరలో మెకానిక్కు ఎవరున్నారో వెదుక్కోవాలి.